సోమవారం లెక్కల పేపరు

“నిన్నట్నుంచీ కుడికన్ను అదురుతోంది. ఇవాళ పిల్ల గడప దాటితే ఏదో అయిపోద్ది. నాకు తెలుసు.”

పార్వతమ్మ ఆ మాట ఎవరితోనూ అనలేదు. గేటుకు గొళ్ళెం పెడుతూ తనలో తనే గొణుక్కుంది. అంతలోనే మాలతి స్కూటీ వచ్చి గేటు ముందు ఆగింది.

“పిన్నీ, నీలిమని పంపు. తొమ్మిదికల్లా పరీక్ష సెంటర్లో ఉండాలి.”

“తొమ్మిది దాకా రాహుకాలం. సోమారం కదా. దాటేక తీసుకెళ్ళు.”

“దాటేక వెళ్తే సెంటర్ గేటు మూసేస్తారు!”

“మూస్తే తీయించు. చదువుకున్నదానివి కదా.”

పొరుగు రాష్ట్రంలో వాళ్ళుండే దేవేంద్ర నగర్‌లో తెలుగువాళ్ళు కొందరు కలిసి, పన్నెండో క్లాసు గట్టెక్కేలా లేని పిల్లల్ని తలా ఒకరుగా పంచుకుని చదివిస్తున్నారు. మాలతి వంతుకు నీలిమ వచ్చింది. శంకర్ నగర్‌లో ఆఫీసు అయ్యాక రోజూ వచ్చి, బడి మానేసి కూర్చున్న పిల్లని మళ్ళీ పుస్తకం ముందు కూర్చోబెట్టింది. ఇప్పుడీ లెక్కల పేపరు ఒక్కటీ పోయిందంటే నీలిమ చదువు అయిపోయినట్టే. ఉర్లాలో తను పనిచేసే ఫ్యాక్టరీలోనే కూతుర్ని ప్యాకింగ్‌లో పెట్టడానికి తండ్రి అప్పుడే మాట్లాడి వచ్చాడు.

లోపలి గదిలోంచి నీలిమ గొంతు వినిపించింది. “అమ్మా, గేటు తియ్యి! లేకపోతే గోడ దూకుతాను!”

“దూకవే! కాళ్ళు విరిగితే ఆ ముహూర్తానికి సరిపోద్ది!”

గది తలుపు దభాలున మూసుకుంది. దేవుడి గదిలో అత్తగారు శేషమ్మ గంట వాయించడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో పంచాంగం చూసేది ఆవిడే. ఆవిడ చెప్పనిదే పార్వతమ్మ కొత్త పచ్చడి జాడీ మూత కూడా తీయదు.

“పోయినేడు ఇలాగే చెడ్డఘడియలో వెళ్ళింది. ఏటయింది? ఫెయిలయింది,” అంది పార్వతమ్మ.

“పోయినేడు దానికి లెక్కలు రావు పిన్నీ. అందుకు ఫెయిలయింది. ఇప్పుడు వచ్చు.”

“వస్తే సరా? దారిలో లారీ గుద్దితే? హాల్లో కళ్ళు తిరిగి పడిపోతే? నువ్వొచ్చి మోస్తావా?”

“మోస్తాను. నువ్వు గొళ్ళెం తియ్యి.”

“తియ్యను.”

“తియ్యకపోతే నేనూ ఇక్కణ్ణుంచి కదల్ను. ఆ సెంటర్లో ఇవాళ రాసే పిల్లలందరూ రాహుకాలంలోనే ఇల్లు కదిలారు. అందర్నీ లారీ గుద్దేసిందా?”

“వాళ్ళ అమ్మలకి గుండెలు రాతివి. నాది కాదు!”

ఇద్దరి కేకలకీ పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ పరుగున వచ్చింది. “కా హోగే దీదీ?” అని, ఏమైందో అడిగింది.

“కుఛ్ నహీఁ!” అని, ఏమీ లేదు పొమ్మన్నట్టు ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆవిడ వచ్చినంత వేగంగానే లోపలికి వెళ్ళిపోయింది.

“అత్తయ్యా, మీరైనా చెప్పండి! ఈ మాలతి నా మాట వినట్లేదు!” అని పార్వతమ్మ వెనక్కి తిరగకుండానే పిలిచింది. గేటు మీద చెయ్యి తీస్తే మాలతి ఎక్కడ గొళ్ళెం లాగేస్తుందోనని ఆమె భయం. లోపల్నుంచి జవాబుగా గంట ఇంకాస్త గట్టిగా మోగింది.

“విన్నావా? పెద్దావిడ కూడా ఒప్పుకోవట్లేదు.”

“ఆవిడకి నేను నచ్చజెప్తాను. లోపలికి రానియ్.”

“నువ్వు లోపలికొస్తే పిల్లని ఎత్తుకుపోతావు. నన్ను దాటి వెళ్ళు, చూద్దాం!”

మాలతి స్కూటీ స్టాండు వేసి, గేటుకు అవతలవైపు ఫోను పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. పార్వతమ్మ సాధించింది, తిట్టింది, “నోరు పడిపోయిందేటి?” అని వెక్కిరించింది. మాలతి చేతిలో ఉన్న ఫోను వంక చూస్తూ ఉండిపోయింది.

కాసేపటికి ఇంట్లో గంట ఆగింది. అది ఆగిన చాలాసేపటికి గోడగడియారం తొమ్మిది కొట్టింది.

పార్వతమ్మ గొళ్ళెం లాగి గేటు బార్లా తీసింది. “ఇదిగో. దాటిపోయింది. ఇప్పుడు తీసుకెళ్ళు. నీలూ, రా!”

పిల్ల బయటికి రాలేదు.

“నీలూ! అలక చాలు, రా!”

గదిలో అలికిడి లేదు. పార్వతమ్మ ముఖంలో రంగు మారింది. పరీక్షలు పోయిన పిల్లల గురించి టీవీలో విన్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. లోపలికెళ్ళి చూసే ధైర్యం లేక గేటు పట్టుకుంది.

“పలకదేటి? మాలతీ, నా పిల్ల పలకదేటే? రాహుకాలం గంగలో కలిసిపోనీ, నేను వెళ్ళనివ్వాల్సింది... నువ్వైనా మాట్లాడవే తల్లీ!”

మాలతి చేతిలో ఫోను టింగుమంది. ఆమె అది చదివి, అప్పుడు నోరు విప్పింది.

“నీలిమ హాల్లో కూర్చుంది పిన్నీ. పరీక్షల రోజు మావాళ్ళం ఇద్దరేసి వస్తాం, పిల్లని తీసుకెళ్ళడానికి ఒకరు, ఇంట్లోవాళ్ళని మాటల్లో పెట్టడానికి ఒకరు. నీకు చప్పుడు వినబడకుండా గంట వాయించి, పెరటి తలుపు తీసి, పిల్లని మా రాజశ్రీ బండెక్కించింది మాత్రం మీ అత్తగారే!”