చైర్మన్ సాబుకు దండ

జంగయ్య బంతిపూల దండతో లోపలికి వచ్చేసరికి సీతారాములు లేచి నిలబడ్డాడు. బడిలో ఒకే బెంచీ. తర్వాత ముప్ఫై ఏళ్లు ఒకే వేదికల మీద పాటలు పాడినవాళ్లు.

"ముబారక్, చైర్మన్ సాబ్! మీ దిల్‌సుఖ్‌నగర్ గల్లీల ఎర్రబుగ్గ కారు పడుతదా? బిరుదు గూడ ఇచ్చిండ్రట, పల్లెపద సమ్రాట్! మరి గుర్రమేదిరా?"

"కూసోర జంగా" అన్నాడు సీతారాములు, ముఖం చిన్నబుచ్చుకుని.

పది రోజుల కిందటే ప్రభుత్వం అతన్ని సాహిత్య మండలికి చైర్మన్‌ను చేసింది. బయట తెలంగాణ కోసం జనం రోడ్డెక్కి ఉన్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం నలభయ్యో రోజు నడుస్తోంది. దాన్ని మొదలుపెట్టింది సీతారాములు పాటతోనే.

అతని భార్య ఈరమ్మ చాయ్ తెచ్చింది. జంగయ్య సాసర్‌లో పోసుకున్నాడు.

"మా తాత ఒక ఎద్దుకు వెండి గంట కట్టిండు వదినా. ఆనాటి సంది అది దున్నుడు బంజేసింది. పొద్దుమీకేదాంక మెడ ఊపుకుంట నిలబడేది. ఆఖరికి మా తాతే కాడికి మెడ పెట్టిండు. ఎద్దు గట్టు మీదికెళ్లి 'ఛల్' అన్నది!"

ఈరమ్మ నవ్వబోయి, భర్త ముఖం చూసి ఆగింది.

"కుర్సీల ఉంటె మనోళ్లకు ఏదన్న చెయ్యొచ్చనుకున్న" అన్నాడు సీతారాములు.

"అందరు గదే అంటరు. ఎమ్మెల్యేలే రాజీనామాలు చేస్తున్నరు. నువ్వేమో కుర్సీ తుడుసుకుంటున్నవ్." జంగయ్య సాసర్ కింద పెట్టాడు. "ఇయ్యాల టెంటుల నీ పాట ఎత్తుకున్నోణ్ణి కూసోబెట్టిండ్రు. అమ్ముడువోయినోని పాట మాకొద్దన్నరు."

 సీతారాములు కాగితం తీసుకుని నాలుగు వాక్యాలు రాసి సంతకం చేశాడు.

"రాజీనామా. ఆఫీసుల నువ్వే ఇచ్చిరా. టెంటుల గూడ చెప్పు. రేపు నేనొచ్చి కూసుంట."

"గిప్పుడు మనిషివైనవ్ రా!" జంగయ్య అతని భుజం తట్టాడు.

ఆటో ఎక్కి నేరుగా మండలి ఆఫీసుకు పోయాడు. కార్యదర్శి లేఖ చదివి, సొరుగులోంచి కొత్త చైర్మన్ నియామక పత్రం తీశాడు.

నాలుగు రోజుల కిందే టైపు చేయించిన ఆ పత్రంలో ఇక నింపాల్సింది తేదీ ఒక్కటే, పేరు జంగయ్యది.