క్లీనర్ సైడు

కొత్త యాక్సిల్ జానెడు ఎక్కువ పొడుగుంది.

మెకానిక్ సాల్మన్ దాన్ని విరిగినదాని పక్కన పెట్టి చూసి, సత్యకుమారి వైపు తిరిగాడు.

“ఫోన్లో ఏ పక్కదని చెప్పారు మేడమ్?”

“కుడి పక్కది.”

“విరిగింది ఎడంపక్కదండి.”

“నా కుడిచేతి వైపే ఉందిగా!”

“మీరు బానెట్‌కి ఎదురుగా నిలబడి చూశారండి. సీట్లో కూర్చున్నట్టు చూడాలి. క్లీనర్ సైడు అని ఒక్క మాటంటే సరిపోయేది. ఊరందరికీ లెఫ్టూ రైటూ నేర్పేది మీరేగా?”

సత్యకుమారికి నవ్వు రాలేదు.

ఆమెది నరసాపురంలో డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఆమె, ఈ పాత కారు, అంతే. షెడ్డు ఎదురుగా మైదానంలో బ్రేకు ఇన్‌స్పెక్టరు పాత బళ్లను పరీక్ష చేస్తున్నాడు. ఆమె కారు ఫిట్‌నెస్ గడువు ఆ సాయంత్రంతో సరి. పాసవకపోతే స్కూలు లైసెన్సు పోతుంది.

రాజమండ్రి నుంచి ఇంకో యాక్సిల్ రావాలంటే రేపటి మాట.

“ఎలాగోలా దీన్నే దూర్చలేవా?”

“దూరిస్తే గేరుబాక్సు పగులుద్దండి.”

షెడ్డు నీడలో అదే మోడలు కారు ఇంకొకటి ఉంది. దాన్నీ పరీక్షకే తెచ్చారు. పంచె కట్టుకున్న ఒక ముసలాయన దాని అద్దాలు తుడుస్తున్నాడు. సీట్ల మీద కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి.

సత్యకుమారి కోపం అటు తిరిగింది.

“పెళ్లికొడుకుని చేస్తున్నట్టున్నారు బాబాయ్‌గారూ! రోజూ తిప్పుతారా?”

“లేదమ్మా.”

“తిప్పని బండికి ఫిట్‌నెస్ ఎందుకండీ? ఇన్‌స్పెక్టరు గారి టైము దండగ కాకపోతే!”

ఆయన నవ్వాడు. ఇంకో అద్దం తుడుస్తూ అడిగాడు.

“నీ బండి ఆగిపోతే ఏమవుద్దమ్మా?”

“ఏమవుద్దా? మా పొయ్యి ఆగిపోద్ది. నేర్చుకునే ఆడపిల్లలు ఇంకో చోటికి పోతారు. మీలా అద్దాలు తుడుచుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదండి.”

ముసలాయన తుడుస్తున్న గుడ్డను మడిచి భుజాన వేసుకున్నాడు.

“సాల్మన్, నా బండిది తీసి ఈ అమ్మాయికి బిగించు.”

సాల్మన్ చేతిలో పానా ఆగింది.

“వీరాస్వామిగారూ! మీ బండి కూడా ఇవాళే చూపించాలి కదండి?”

“చూపించాం లే ఇన్నాళ్లూ.”

సత్యకుమారికి అనుమానం వచ్చింది.

“అడక్కుండానే ఇస్తున్నారేంటి? పగులేమన్నా ఉందా అందులో?”

“చూసుకోమ్మా.”

సాల్మన్ తీసి చూశాడు. అరుగుదలే లేదు. పొడుగు కొలిచినట్టు సరిపోయింది.

రెండు కార్లూ జాకీల మీద నిలబడ్డాయి. ముసలాయన తన కారు వైపు చూడలేదు. ఆమె కారు చక్రం బిగించేదాకా మాత్రం దగ్గరే నిలబడ్డాడు.

“రేపు మీకు సరైనది తెచ్చిస్తానండి” అంది.

“ముందు నువ్వెళ్లమ్మా. ఇన్‌స్పెక్టరు వెళ్లిపోతాడు.”

కారు పాసయింది. ఆ సంబరంలో సత్యకుమారి అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోయింది. ఆయనకో మాట చెప్పాలని దారిలో గుర్తొచ్చింది. రేపు ఎలాగూ వస్తాను కదా అనుకుంది.

మర్నాడు పొట్టి యాక్సిల్ పట్టుకుని వచ్చేసరికి షెడ్డు నీడ ఖాళీగా ఉంది.

“బండేదీ?”

“నిన్ననే పాత ఇనుము వాళ్లు లాక్కుపోయారండి. ఈపాటికి ముక్కలు చేసేసుంటారు.”

“అదేంటి! ఎవరు పిలిచారు వాళ్లని?”

“ఆయనేనండి.”

“అంత అపురూపంగా చూసుకునే మనిషిని ఒక్కరోజు ఆగమని చెప్పలేకపోయావా?”

“చెప్పానండి. ఇంక చాల్లే అన్నారు.”

సత్యకుమారి యాక్సిల్‌ను బల్ల మీద పెట్టింది.

“నా నోటికి హద్దు లేదు సాల్మన్. నొచ్చుకున్నట్టున్నారు. ఇల్లెక్కడో చెప్పు. కావాల్సినప్పుడల్లా నా కారు నడుపుకోమని చెప్పొస్తాను.”

“అంతర్వేది పల్లెపాలెం. కానీ ఆయనకి డ్రైవింగ్ రాదండి. పరీక్షకి తేవాలన్నా నేనే వెళ్లి నడుపుకొచ్చేవాణ్ణి.”

“రాకపోతే కారెందుకు కొన్నారు?”

“ఆయన కొనలేదండి” అన్నాడు సాల్మన్.

సముద్రం మీద చేపల వేటకెళ్లి, బోటుతో సహా కనిపించకుండా పోయిన కొడుకు ఏదో ఒక రోజు ఒడ్డెక్కి తాళాలు అడుగుతాడని, ఇన్నేళ్లూ వాడి కారును సిద్ధంగా ఉంచిన తండ్రి ఆయన.