ఏడింటికల్లా

ఫ్యాన్ గిర్రున తిరిగింది. మూడు లెక్కపెట్టేలోపు ఆగిపోయింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"పొద్దున్నుంచి గిదే వరుస తమ్ముడూ" అంది స్వర్ణలత. నాచారం నుంచి ఉప్పల్ దాకా ఆ కంప్యూటర్ డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

రిపేరు షాపు కనకరాజు పక్క మూత విప్పి టార్చి కొట్టాడు. "స్పీడు పెంచిన్రు గదా అక్కా?"

"యూట్యూబుల చూసి..." అని ఆగిపోయింది.

"అనుకున్న. పాత సైకిల్‌కు బుల్లెట్ ఇంజన్ పెడితే ఉరుకుతదా? అంతా గేమ్ పిచ్చి! రేపు రా, చూస్త."

"రేపు గాదు. ఏడింటికల్లా నడవాలె. నీ కాళ్లు మొక్కుత."

కనకరాజు తలెత్తి గోడ గడియారం చూశాడు. అయిదు దాటింది.

"బాబు ఏం జేస్తడు?"

"ఘట్‌కేసర్ల ఇంజనీరింగ్. ఆఖరు సంవత్సరం."

"గంత పెద్దోడు మోసుకొస్తే అరిగిపోతడా? తల్లిని పంపుడేంది, సిగ్గు లేకుంట!"

"వాన్నేమనకు తమ్ముడూ."

నిన్న కొడుకు హృషికేశ్ అన్న మాటలు ఆమె చెవుల్లోంచి పోవడం లేదు. 'సిస్టమ్ రేపు మళ్ల నడుమల ఆగిందంటే ఇంక నీకూ నాకూ మాటల్లేవ్' అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, 'నా వల్ల అయితలేదు. ఒక ముచ్చట ఉంది. రేపు ఏడింటికి, ఆటప్పుడు జెప్త' అన్నాడు. అదేం గొంతు! రాత్రంతా ఆమెకు కన్ను మూతపడలేదు. ఇవాళ మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. అమ్మ ఫోన్ ఎప్పుడెత్తాడు గనక!

కనకరాజు లోపలున్న బొత్తాం బ్యాటరీ ఊడబీకాడు. "పెట్టిన సెట్టింగులన్నీ మరిచిపోవాలె. పది నిమిషాలు ఆగు."

స్టూలు చూపించినా ఆమె కూర్చోలేదు. పది నిమిషాల తర్వాత బ్యాటరీ పెట్టి బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. ఆగింది.

"బోర్డే పోయినట్టుందక్కా."

స్వర్ణలత అప్పుడు కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. షాపులో ఛార్జర్ బేరమాడుతున్న అమ్మాయి ఇటు తిరిగి చూసింది.

"అరె, ఏడువకక్కా! ఆటనే గదా!"

"నీకు తెల్వదు తమ్ముడూ. ఆ గంట తప్పితే నా కొడుకు నాకు దక్కడు."

కనకరాజు ర్యామ్ ముక్కలు రెండూ పీకాడు. సొరుగులోంచి పిల్లల రబ్బరు తీసి, వాటి ఇత్తడిరంగు అంచులను పరపరా రుద్దాడు. ఒక్కటే తిరిగి పెట్టాడు. నొక్కాడు.

ఫ్యాన్ తిరిగింది. ఆగలేదు. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"తేదీ సూడు, 2018కి పోయింది. మార్చుకోవాలె" అని నవ్వాడు.

అప్పుడు హృషికేశ్ ఎనిమిదో తరగతి. బడి నుంచి వచ్చి, వంటింటి గట్టెక్కి కూర్చుని, ఎవరు ఎవరిని కొట్టారో కూడా చెప్పేవాడు. స్వర్ణలత ఆ తేదీ వంక చూస్తూ ఉండిపోయింది.

"హెడ్‌ఫోన్లు కొత్తయి వచ్చినయ్ అక్కా, మైకుతోని. బాబు ఖుష్ అయితడు."

"మైకు వద్దు."

"గేమ్ ఆడేటోళ్లకు మైకే ముఖ్యం గదా!"

"వద్దన్న గద!"

ఫ్యాక్టరీల షిఫ్టు విడిచిన వేళ. నాచారం రోడ్డు నిండా బస్సులు. "జర తొందరగ పోనీ అన్నా" అని ఆటో అతన్ని పదిసార్లు బతిమాలింది. ఇంటికొచ్చేసరికి ఏడుకు ఎనిమిది నిమిషాలు. చెప్పులైనా విప్పకుండా వైర్లు తగిలించింది. పచ్చదీపం వెలిగింది. ఆట తెరుచుకుంది.

ఆమె తలుపు గడియ పెట్టి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, పాత హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కీబోర్డు మీద వేళ్లు ఆనించగానే, "వచ్చినవా బ్రో, మైకు లేకుంటే లేకపాయె గని టైపు గొట్టు, మా అమ్మకు గూడ జెప్పని ముచ్చట నీకొక్కనికే జెప్తున్న" అంది ఘట్‌కేసర్ హాస్టల్ గదిలోంచి హృషికేశ్ గొంతు.