అడుగున ‘చూద్దాం’

దాయాది ఓబులేసును తిరుపాలు ఈ జన్మలో క్షమించడు. గట్టవతలి పొలం చెక్క తనకు రాసిమ్మని వాడు మెయిల్ పెట్టాడు. ఊళ్లో అందరి మెయిళ్లూ కంప్యూటర్లలోని అసిస్టెంట్లే చదివి, వాటికవే జవాబిచ్చే రోజులవి. తిరుపాలు తన అసిస్టెంటుతో "చూద్దాంలే" అన్నాడు. ముఖాన కాదనలేక మనిషి అనే మాట అది. అసిస్టెంటు దాన్ని ఒప్పుకోలనుకుని సంతకం పంపేసింది. ఆ మాటకు అర్థం తెలిసి కూడా ఓబులేసు రిజిస్టరు చేయించుకున్నాడు.

ఇప్పుడు బావికి పోయే దారి కూడా కావాలని మళ్లీ మెయిల్ పెట్టాడు. అసిస్టెంటు జవాబిచ్చేలోపే తిరుపాలు నేరుగా నంద్యాలలో రజియా కంప్యూటర్ అంగడికి పోయాడు.

"తనంతట తాను నోరు తెరవని మెయిల్ ప్రోగ్రాం ఉందామ్మా?"

"రెండున్నాయన్నా. ఒకటి ఫోల్డర్లు అదే సర్దిపెడుతుంది."

"సర్దేది నేర్చినాక జవాబు రాసేది నేర్వదా? రెండోది చెప్పు."

"పాతకాలపుది. ఫోల్డర్లో ఫోల్డర్, దాంట్లో ఇంకోటి, ఎన్నైనా పెట్టుకో. చదివేదీ సర్దేదీ నువ్వే. కష్టమని ఎవురూ కొనరు."

"ఐదుతో బడి మానేసి మట్టి పిసికినోన్ని, నాకు కష్టమేంది. అదే ఎక్కించు."

ఇంట్లో బల్ల మీది కంప్యూటర్లో ‘పొలం’ అని ఫోల్డర్ చేశాడు. దాని లోపల ‘దాయాదులు’, దాని లోపల ‘ఓబులేసు’, అన్నిటికన్నా అడుగున ‘చూద్దాం’. బావిదారి మెయిల్‌ను తన చేత్తో అందులో వేశాడు.

భార్య సుంకులమ్మ తొంగిచూసింది. "మరి జవాబు?"

"అదే జవాబు."

యజమాని మాట దాటని కంప్యూటర్ వీధి మొత్తానికి తనదొక్కటేనని మీసం దువ్వుకున్నాడు. బావిదారి నిలిచింది. గట్టవతలి చెక్క మాత్రం పోయింది, పదిహేడున్నర సెంట్లు.