కూర్చుంటే పరుగు

"ఆపు తవిటయ్యా, ఆపు! గుండి మళ్ళీ పరుగెట్టేత్తంది."

తవిటయ్య ఆటోని సరుగుడు తోట మలుపులో ఆపాడు. వెనక సీట్లో తిరుపతిరావు ఎడమ భుజం కింద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అక్కడ చర్మం కింద అగ్గిపెట్టెంత పేస్‌మేకరు ఉంది. భార్య లక్ష్మీకుమారి పైటచెంగుతో విసరసాగింది. కాసేపటికి ఆ దడ దానంతటదే సర్దుకుంది.

"ఏటండీ ఇది? పలాసలో ఎక్కినప్పుడు బాగానే ఉన్నారు. హైవే మీదా బాగానే ఉన్నారు."

"అదే నాకూ తెల్డం లేదు. మనూరి తోవలోకి తిరిగేసరికి మొదలైపోతంది."

"ఈ మలుపు మంచిది కాదు బాబూ," అన్నాడు తవిటయ్య. "మా మేనకోడలు కూడా ఇక్కడే..." అద్దంలో తిరుపతిరావు చూపు తగిలేసరికి మిగతా మాట మింగేసి ఆటో స్టార్టు చేశాడు.

లక్ష్మీకుమారి పైటచెంగు భుజాల చుట్టూ కప్పుకుంది. ఇక్కడే ఏమైంది? సరుగుడు తోట వంక చూడకుండా చేతులు జోడించుకుంది.

తిరుపతిరావుకి పేస్‌మేకరు పెట్టి ఆరు నెలలు. మొదట్లో నాలుగడుగులు వేస్తే ఆయాసం. కూర్చున్న మనిషికి సరిపోయే వేగం పెట్టారు మరి! "నాను కూకునే మనిషిని కాదు డాక్టరుగారూ, నాకు పదెకరాల జీడితోట ఉంది" అని గొడవ పెడితే, విశాఖపట్నంలో డాక్టరు కత్తి పెట్టకుండానే ఛాతీ మీద చిన్న యంత్రం ఆనించి, కంప్యూటర్లో సెట్టింగు మార్చాడు. నడిస్తే నడకకి తగ్గట్టు, మెట్లెక్కితే మెట్లకి తగ్గట్టు గుండె వేగం అదే పెరుగుతుందన్నాడు. అన్నట్టే అయింది. తిరుపతిరావు తోటని ఈ చివర నుంచి ఆ చివరకి చుట్టి వచ్చి, ఇంకా ఎక్కడికైనా వెళ్దామా అన్నట్టు నిలబడేవాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టుండేది.

కానీ ఈ వింత ఏమిటి? నడిస్తే గుండె పద్ధతిగా నడుస్తుంది, ఆటోలో కూర్చుంటే పరుగెడుతుంది. లోకంలో ఎవరికీ లేని రోగం తనకే వచ్చిపడింది.

"ఎవరి ఉసురో తగిలిందండీ," అంది లక్ష్మీకుమారి ఇల్లు చేరాక.

"నాను ఎవరికేటి సేసేను?"

ఆ సాయంత్రం కొత్త మేడ మీద వరండాలో కూర్చుని ఆయన నిజంగానే ఆలోచించాడు. కింద పెరట్లో సగానికి కోసిన తారు డ్రమ్ములో ఆవు నీళ్ళు తాగుతోంది. పక్కన కంకర కుప్ప మీద కోళ్ళు కెలుకుతున్నాయి. కూలీలకి ఏనాడూ ఎగ్గొట్టలేదు. అన్నదమ్ముల గట్టు జరపలేదు. ఎంత వెతుక్కున్నా ఒక్క పాపమూ గుర్తుకు రాలేదు. గుర్తుకు రాకపోవడమే ఇంకా భయంగా ఉంది.

లక్ష్మీకుమారి ఊరుకోలేదు. రావివలస మల్లన్నకి మొక్కింది. సరుగుడు మలుపులో నిమ్మకాయలు కోయించింది. మర్నాడు అదే మలుపులో గుండె ఇంకా జోరుగా పరుగెత్తింది.

"ఇంక తోటా వద్దు, దొడ్డీ వద్దు. అరుగు మీద కూకోండి."

"కూకుంటేనే కదే పరుగెడతంది!"

అరుగు మీద కూర్చోబెడితే తాను బతికినట్టా? ఆ భయంతోనే వారం తిరక్కుండా లక్ష్మీకుమారిని తీసుకుని విశాఖపట్నం రైలెక్కాడు.

"దడ ఎప్పుడొస్తోంది? నడిచినప్పుడా?" అడిగాడు డాక్టరు.

"కాదండి. కూకున్నప్పుడు."

"ఇంట్లో కూర్చున్నప్పుడా?"

"కాదండి, ఆటోలో. అదీ మా ఊరి తోవలోనే."

"రైల్లో వచ్చారుగా, రాలేదా?"

"లేదండి."

డాక్టరు బుర్ర గోక్కున్నాడు. కంప్యూటరు చూశాడు, అంతా సరిగ్గానే ఉంది. ఉన్నట్టుండి ఏదో తోచి, లేచి వచ్చి, పేస్‌మేకరు ఉన్నచోట వేళ్ళతో టకటకా తట్టడం మొదలెట్టాడు. తెర మీద గుండె వేగం చూపే అంకె పైకి పాకింది.

"అదే! అదేనండీ ఆ దడ!" కేక పెట్టాడు తిరుపతిరావు.

డాక్టరు నవ్వేశాడు. "మీకేం జబ్బు లేదు. లోపలి సెన్సరుకి కళ్ళు లేవు కదా. ఒళ్ళు కదిలితే చాలు, మీరు నడుస్తున్నారనుకుంటుంది. కుదుపులు తగిలితే పరుగెడుతున్నారనుకుని గుండెని తోలుతుంది. మీ ఊరికి రోడ్డు లేదా?"

తిరుపతిరావు చొక్కా అందుకున్నాడు.

"ఉందండి," అంది లక్ష్మీకుమారి మెల్లగా. "పోయినేడే ఏసేరు. రెండు వానలకి లేచిపోనాది. మా ఆటో తవిటయ్యని నిన్న నిలదీసి అడిగితే సెప్పేడు. ఆళ్ళ మేనకోడలికి నెలలు నిండకుండానే, ఆ గోతుల కుదుపులకి, ఆ మలుపులో ఆటోలోనే కానుపయిపోనాదట. తల్లీ పిల్లా దక్కడం దేవుడి దయ. నాను దయ్యమనుకున్నాను."

డాక్టరు ముఖంలో నవ్వు పోయింది.

"చూడండి. సెన్సరు తగ్గిస్తే ఆటోలో హాయిగా ఉంటారు, తోటలో మళ్ళీ ఆయాసపడతారు. ఇలాగే ఉంచితే తోటలో బాగుంటారు, ఇంటికెళ్ళే దారిలో దడ తప్పదు. మీ గుండెకి నేను చెయ్యగలిగింది అంతే. ఇక బాగుచెయ్యాల్సింది ఆ రోడ్డుని."

తిరుపతిరావు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టి, మళ్ళీ విప్పుతున్నాడు. లక్ష్మీకుమారి కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఇంతకీ ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరెవడండీ? ఒక్కసారి తెచ్చి నా ముందు కూర్చోబెట్టండి," అన్నాడు డాక్టరు కోపంగా.

కాంట్రాక్టరు అప్పటికే ఆయన ముందు కూర్చుని ఉన్నాడు.