సీసాలో బుడగలు

"సిస్టరు దీదీ, బేగి రండి. బుడగలు ఆగిపోనాయి."

వార్డు గుమ్మంలో కేక పెట్టి జోగమ్మ మళ్ళీ మొగుడి మంచం దగ్గరికి పరిగెత్తింది. భిలాయి పవర్ హౌస్ దగ్గర లారీ తగిలి సైకిలు మీంచి పడ్డ అప్పలసూరికి పక్కటెముక విరిగి ఊపిరితిత్తిలో గుచ్చుకుంది. లోపల చేరిన గాలి పోవడానికి డాక్టర్లు ఛాతీలోకి రబ్బరు గొట్టం దించి, రెండో కొసను మంచం కింద నీళ్ళ సీసాలో ముంచారు. మూడు రోజులుగా ఆ నీళ్ళలో బుడగలు వస్తూనే ఉన్నాయి. అవే మొగుడి ప్రాణమనుకుని ఆమె సీసా మీంచి చూపు తిప్పలేదు.

"ఏటయ్యా, ఊపిరాడతందా?" అంటూ వేలు అతని ముక్కు దగ్గర పెట్టింది.

"ఆడతంది. ముందు ఏలు తియ్యి."

సిస్టరు వచ్చి అతన్ని దగ్గమంది. గొట్టంలో నీళ్ళు లేచి పడ్డాయి గానీ బుడగ రాలేదు. "అచ్ఛా హై" అని నవ్వి, డాక్టర్ని పిలవడానికి వెళ్ళింది.

"ఏటి అచ్ఛా?" జోగమ్మకు ఏడుపొచ్చింది.

"ఒలే, ప్లాంటులో నాను గేసు గొట్టాలకి సబ్బునీళ్ళు రాసి సూత్తాను కదా. బుడగొచ్చిందంటే ఏటి?"

"కన్నమున్నట్టు."

"రాకపోతే?"

జోగమ్మ మంచం కిందికి వంగి, బుడగ లేని నీళ్ళకేసి చూసింది.

"మూడ్రోజుల్నించీ అమ్మోరికి మొక్కుతున్నాను," అంది. "బుడగలు ఆగనీకు తల్లీ అని."

"ఆ తల్లి నీ మాట ఇన్నేదు. మంచిదే అయింది."

"ఇనుంటే?"