చిటపట

విశాఖలో సముద్ర పరిశోధన పడవపై రికార్డింగు మెకానిక్కుగా పనిచేస్తున్న జిలానీ తమ్ముడు తుఫానులో మునిగిపోయాడు. మృతదేహం లభించలేదు. ఇంట్లో అతడి ఆత్మశాంతికి ఫాతెహా ప్రార్థన జరిగిన మర్నాడు, అతడు అంతకుముందే పోస్టు చేసిన క్యాసెట్టు మాచర్లలో అన్న నడిపే టేపురికార్డర్ల రిపేరు కొట్టుకు చేరింది. జిలానీ దాన్ని గుండెకు అదుముకుని ఇంటికి పరుగెత్తాడు.

భర్త పోయాక పరాయి మగవాళ్ళ కంటపడకుండా ఇద్దత్ గడువు పాటిస్తున్న తమ్ముడి భార్య రషీదా పరదా వెనుకకు వచ్చి కూర్చుంది.

"ఒక్క మాటన్నా ఇనిపించండి, భాయీజాన్."

మీట నొక్కితే మాట రాలేదు. తాలింపులో ఆవాలు చిట్లినట్టు ఒకటే చిటపట.

"హెడ్డుకి దుమ్ము పట్టిందమ్మా" అంటూ జిలానీ స్పిరిటు దూదితో తుడిచాడు. మళ్ళీ చిటపటే. స్క్రూ తిప్పాడు, బెల్టు మార్చాడు. ఊరందరి టేపుల్లోనూ గరగర పోగొట్టిన ఆ చేతులు మళ్ళీ స్పిరిటు దూది అందుకున్నాయి. పరదా వెనుక ఏడుపు మొదలైంది.

ఇక ఆపబోతుండగా తమ్ముడి నవ్వు వినిపించింది.

"భాయ్, ఈపాటికి హెడ్డు తుడిచి తుడిచి అరగదీసుంటావ్ గదా! మిషను బాగానే ఉంది. అయి రొయ్యలు, కొండితో చిటికెలేస్తన్నయ్. నీళ్ళలోకి మైకు దించి పట్టా. సముద్రం లోపల చానా సందడిగా ఉంటది. రషీదాకి గూడా ఇనిపించు."

క్యాసెట్టు ఆగింది. జిలానీ కళ్ళు తుడుచుకుని, ఆ గొంతు కోసం టేపును కొంచెం వెనక్కి తిప్పబోయాడు.

"మాట వద్దు భాయీజాన్. రొయ్యల్నే పెట్టండి" అంది రషీదా. "ఇప్పుడాయనకి ఆడ ఇనిపిస్తంది వాటి చప్పుడే గదా."